బిగుసుకుపోయిన పిడి

పిల్లలూ! మీలో ఎవరి ఇంట్లోనైనా దుర్భిణి ఉన్నదా? ఉంటే, దాని గొట్టాన్నే గాక, అది కూర్చునే స్టాండును కూడా ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? చాలామంది చూడరు. కటకాలు గొట్టంలో ఉంటాయి గనక గొప్పంతా దానిదే అనుకుంటారు. కాని స్టాండు మొరాయించిందంటే, ఎంత మంచి గొట్టమైనా మూలన పెట్టిన వెదురు బొంగుతో సమానమే. ఈ సంగతి నాకు 2020 డిసెంబరులో బాగా తెలిసివచ్చింది.

అప్పటికి నేను బడి ఉద్యోగం నుంచి రిటైరై ఇంటిపట్టున ఉంటున్నాను. మాది విజయవాడకు దగ్గరలో కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊరు. అది కరోనా కాలం. పెద్ద తరగతులవాళ్లు బడికి పోతున్నారుగాని, చిన్న తరగతులవాళ్లు ఇంకా ఇళ్లలోనే ఉన్నారు. మా వీధిలో ఆరో తరగతి చదివే కుర్రవాడొకడు, వాడికి ఒక చెల్లెలు. వాళ్ల మేనమామ ఆ పిల్లవాడికి ఒక దుర్భిణి బహుమతిగా ఇచ్చాడు. చిన్నదే, నేర్చుకొనేవారికి సరిపోయేది. వాడు రోజూ సాయంత్రం డాబా మీద దాన్ని పెట్టుకొని చంద్రుణ్ణి చూస్తూ ఉండేవాడు.

డిసెంబరు 19న, శనివారం పొద్దున్నే, వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. “మాస్టారూ, మావాడు రెండు రోజులనుంచి అన్నం సరిగా తినడం లేదండీ. అడిగితే చెప్పడు. మీ మాటైతే వింటాడు, ఒక్కసారి కనుక్కుంటారా?” అన్నది.

వెళ్లి అడిగాను. వాడు తల వంచుకొని, “దుర్భిణి పాడయిపోయింది మాస్టారూ. తిప్పే పిడులు రెండూ బిగుసుకుపోయాయి. ఎల్లుండే కదండీ గురుడూ శనీ కలిసేది!” అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాడి దుఃఖానికి కారణం లేకపోలేదు. గురుడు సూర్యుడిచుట్టూ తిరిగి రావడానికి సుమారు 12 ఏళ్లు పడుతుంది. శనికి సుమారు 29 న్నర ఏళ్లు. అందుచేత దాదాపు ఇరవై ఏళ్లకొకసారి గురుడు శనిని దాటిపోతూ మన కంటికి దగ్గరగా కనబడతాడు. కాని ఆ సంవత్సరం డిసెంబరు 21న కనబడినంత దగ్గరగా 1623 తరవాత మళ్లీ కనబడలేదు. చంద్రబింబం వెడల్పులో సుమారు అయిదోవంతు ఎడం మాత్రమే! అటువంటిది మళ్లీ 2080లో గాని రాదు. ఆ కుర్రవాడు లెక్క వేసుకున్నాడు: అప్పటికి వాడికి డెబ్బయి ఏళ్లు దాటుతాయి.

“పిడి లేకపోతేనేం, గొట్టాన్ని చేత్తో తిప్పుకొని చూడరాదా?” అని మీరు అడగవచ్చు. అక్కడే ఉన్నది చిక్కు. భూమి పడమటినుంచి తూర్పుకు తిరుగుతున్నది గనక ఆకాశంలోని వస్తువులన్నీ తూర్పునుంచి పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయి. గంటకు 15 డిగ్రీలు, అంటే నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. వట్టి కంటికి ఈ వేగం తెలియదు. కాని డెబ్బయి రెట్లు పెద్దగా చూపే కటకంలోనుంచి చూస్తే, కనిపించే ఆకాశం సుమారు ముప్పాతిక డిగ్రీ మాత్రమే. గ్రహం అందులోనుంచి మూడు నిమిషాలలో బయటికి పోతుంది. చేత్తో గొట్టాన్ని నెడితే గ్రహం ఎగిరి ఎటో పోతుంది. అందుకే స్టాండుకు స్లో మోషన్ పిడులు పెడతారు. పిడిని కొంచెం తిప్పితే గొట్టం వెంట్రుకవాసి కదులుతుంది.

ఇది ఎలా సాధ్యం? పిడి చివర ఒక చిన్న ఇనుప కడ్డీ ఉంటుంది. దానిమీద మరమేకుకు ఉన్నట్టే మరచుట్లు ఉంటాయి. దాన్ని వార్మ్ అంటారు. ఆ చుట్లు ఒక పళ్ల చక్రంలో ఇమిడి ఉంటాయి. వార్మ్ ఒక చుట్టు పూర్తిగా తిరిగితే చక్రం ఒక్క పన్ను మాత్రమే జరుగుతుంది. గిటారు తీగలను బిగించే చెవులను గమనించారా? అక్కడా ఇదే ఏర్పాటు. వార్మ్ చక్రాన్ని తిప్పగలదుగాని, చక్రం వార్మ్‌ను తిప్పలేదు. అందుచేత మనం చెయ్యి తీసినా గొట్టం జారిపోదు.

సరే, ఇక ఆ రోజు కథకు వద్దాం. నేను దుర్భిణిని చూశాను. పిడి మీద పట్టకారు పళ్ల గాట్లు కనిపించాయి. “ఒరేయ్, పట్టకారుతో తిప్పావా?” అన్నాను. వాడు మాట్లాడలేదు. పిల్లలూ, ఇది మొదటి తప్పు. వేళ్లతో తిరగవలసినది వేళ్లతో తిరగకపోతే, “ఎందుకు?” అని అడగాలిగాని బలం పెంచకూడదు. చక్రం పన్ను ఒకటి విరిగితే ఇక అతకదు.

రెండవ తప్పు నాది. దాచుకోకుండా చెబుతున్నాను. “గ్రీజు ఎండిపోయి ఉంటుంది. ఆ మాత్రానికి ఏడుస్తావా?” అని, ఇంటినుంచి కుట్టు మిషను నూనె తెప్పించి, కనిపించిన సందులన్నిటిలోనూ పోశాను. గంటసేపు ఆగాం. పిడి కదలలేదు. ఇంకాస్త పోశాను. నూనె కారి డాబా అంతా మరకలయిందిగాని పిడి మాత్రం కదలలేదు.

అంతవరకూ గోడమీద కూర్చొని చూస్తున్న ఆ చిన్నపిల్ల, “తాతగారూ, ఎక్కడ పట్టేసిందో చూడకుండానే అంతటా నూనె పోస్తున్నారేం?” అన్నది.

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఎన్నో ఏళ్లు తరగతి గదుల్లో నిలబడి, “ముందు ప్రశ్న సరిగా చదవండి, తరవాత జవాబు రాయండి” అని చెప్పినవాణ్ణి నేను! “నిజమేనమ్మా, మళ్లీ మొదటినుంచి మొదలుపెడదాం” అన్నాను. వాడిచేత ఒక కాగితం తెప్పించి, ప్రశ్నలు వరసగా రాయించాను. ఒక్కొక్క దాన్నే పరీక్షించాలి. ఒకటి తేలేదాకా రెండోదాని జోలికి పోకూడదు అని నియమం పెట్టుకున్నాం.

మొదటి ప్రశ్న: గొట్టంగాని, ఎదురు బరువు కడ్డీగాని దేనికైనా తగిలి ఆగిందా? ఇటువంటి స్టాండుకు రెండు ఇరుసులుంటాయి. మొదటిదాన్ని ధ్రువనక్షత్రం వైపు చూసేటట్టు వాల్చాలి. అప్పుడు ఆ ఒక్క ఇరుసు తిరిగితే చాలు, గ్రహం వెంట గొట్టం పోతుంది. ఈ పద్ధతి పెద్ద దుర్భిణులనుంచి వచ్చినదే. ఫ్రాన్‌హోఫర్ అనే జర్మను కటకాల నిపుణుడు 1824లో డోర్పాట్ నగరానికి చేసి ఇచ్చిన ప్రసిద్ధమైన దుర్భిణికి ఇటువంటి స్టాండే ఉన్నది. దాన్ని గడియారపు యంత్రం తిప్పేది. ఆ ఊరిని ఇప్పుడు టార్టూ అంటారు, ఎస్టోనియా దేశంలో ఉన్నది. లండన్‌లో ధ్రువుడు క్షితిజంనుంచి 51 డిగ్రీలపైన ఉంటాడు. మన తెలుగునాట 20 డిగ్రీల లోపే. విజయవాడలో 16 న్నర. ఇరుసు అంత కిందికి వాలినప్పుడు ఎదురు బరువు కడ్డీ స్టాండు కాలికి తగిలే ప్రమాదం ఉంటుంది. మేము చూశాం. కడ్డీ తగలడంలేదు. ప్రశ్న కొట్టివేశాం.

రెండవ ప్రశ్న: బరువు సమంగా ఉన్నదా? బిగింపు మరను వదులు చేసి, గొట్టాన్ని పట్టుకొనే, మెల్లగా చెయ్యి సడలించి చూశాం. ఒక పక్కకు వాలిపోతే తక్కెడ సరిగా లేదన్నమాట. అప్పుడు వార్మ్ ఆ బరువునంతా మోయవలసివస్తుంది. మా గొట్టం ఎక్కడ ఉంచితే అక్కడే నిలిచింది. అంతేకాదు, బిగింపు వదిలినప్పుడు ఇరుసు హాయిగా గుండ్రంగా తిరిగింది. అంటే ఇరుసులో దోషం లేదు. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తీరిపోయాయి. నేను నూనె పోసిన చోట్లలో సగం అనవసరమని కూడా తేలింది!

మూడవ ప్రశ్న: పిడి తీగ సరిగా ఉన్నదా? వంగే తీగలాంటి పిడిని కడ్డీకి ఒక చిన్న మరతో బిగిస్తారు. కడ్డీకి ఒక పక్క చదునుగా చెక్కి ఉంటుంది; మర ఆ చదునుమీదనే కూర్చోవాలి. మర వదులైతే పిడి ఊరికే తిరుగుతుందిగాని గొట్టం కదలదు. మాది దీనికి తలకిందులు: పిడే తిరగడం లేదు. తీగను ఊడదీసి కడ్డీని వేళ్లతో తిప్పి చూశాం. అదీ తిరగలేదు. కాబట్టి తప్పు తీగది కాదు.

నాలుగవ ప్రశ్న: మర చివరికి వచ్చిందా? ఇది రెండో ఇరుసు సంగతి. చిన్న స్టాండ్లలో కొన్నిటికి రెండో ఇరుసుకు పళ్ల చక్రం ఉండదు. పొడుగుపాటి మర ఒకటి ఒక చేతిని అటూ ఇటూ నెడుతుంది. ఆ మర పొడుగు ఎంతో, కదలిక అంతే. మా కుర్రవాడు రోజూ ఒకే పక్కకు తిప్పుతూ పోయాడు. మర కొసకు వచ్చి ఆగింది. వాడు బిగుసుకున్నదనుకొని భయపడ్డాడు. ఎదురు పక్కకు తిప్పమన్నాను. పిడి సులువుగా తిరిగింది! మరను మధ్యకు తెచ్చి, బిగింపు వదిలి గొట్టాన్ని కావలసిన చోటికి చేత్తో తిప్పి మళ్లీ బిగించాం. పాడయిందనుకున్న రెండింటిలో ఒకటి అసలు పాడే కాలేదు. వాడి మొహం కొంత తేటపడింది.

ఇక మిగిలింది మొదటి ఇరుసు పిడి. మాకు కావలసినదీ అదే. ఇరుసు మంచిదే, తీగ మంచిదే. తప్పు వార్మ్‌కూ చక్రానికీ మధ్యనే ఉన్నదన్నమాట. అక్కడ గ్రీజు ఎండి ఉండాలి, లేదా వార్మ్ చక్రానికి మరీ దగ్గరగా నొక్కుకొని ఉండాలి. నేను వార్మ్ పెట్టెను పట్టి చూస్తున్నాను. పక్కన తలలేని చిన్న మర ఒకటి, అలెన్ కీతో తిప్పేది, చాలా లోపలికి పోయి ఉన్నది. దాని చుట్టూ రంగు కొత్తగా లేచిపోయి ఉన్నది.

నేను వాడివైపు చూశాను. వాడు కాసేపు నేలచూపులు చూసి, “నేనే బిగించాను మాస్టారూ” అన్నాడు. అంతకుముందు పిడిని తిప్పితే, మొదట కొంచెంసేపు చంద్రుడు కదలకుండా ఉండి, తరవాత కదిలేవాడట. ఆ వదులు వాడికి నచ్చలేదు. వదులు పోవాలని మరను బలమంతా పెట్టి తిప్పాడు. “మరి పొద్దుటే ఎందుకు చెప్పలేదు?” అంటే, “మామయ్య అంత ఖరీదు పెట్టి కొన్నదాన్ని చెడగొట్టానని నాన్న తిడతారని” అన్నాడు.

నేను వాణ్ణి కోప్పడలేదు. “నువ్వు చెప్పకపోవడంవల్ల ఒక పూట పోయింది. నేను అడగకపోవడంవల్ల మరో పూట పోయింది. చెరిసగం. ఇక పని చూద్దాం పద” అన్నాను.

పిల్లలూ, ఆ కొద్దిపాటి వదులు తప్పు కాదు, అవసరం. మీ ఇంటి తలుపు సంగతి ఆలోచించండి. ద్వారబంధానికీ తలుపుకూ మధ్య సన్నని సందు ఉంటుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి ఆ సందు పోయిందంటే తలుపు పట్టేస్తుంది. పళ్ల చక్రమూ అంతే. పంటికీ మరచుట్టుకూ మధ్య వెంట్రుకంత సందు ఉంటేనే తిరుగుతుంది. పైగా చవకరకం చక్రాలు అచ్చంగా గుండ్రంగా ఉండవు. ఒకచోట సరిగా ఉన్నది మరోచోట పట్టేయవచ్చు.

మరునాడు, ఆదివారం, పొద్దున్నే పనిలోకి దిగాం. గొట్టాన్ని ముందు దించి, తరవాత ఎదురు బరువు తీశాం. ఈ వరస మరిచిపోకండి. బరువు ముందు తీస్తే గొట్టం ఒక్కసారిగా కిందికి తిరిగి దేనికైనా కొట్టుకుంటుంది. వార్మ్ పెట్టెను పట్టి ఉంచే రెండు బోల్టులను కొద్దిగా వదులు చేశాం. తలలేని మరను పావు చుట్టు వెనక్కు తిప్పి చూశాం, చాలలేదు. మరో పావు చుట్టు. అప్పుడు కడ్డీ నా వేళ్లమధ్య మెల్లగా కదిలింది. ఆ పిల్లలిద్దరి కేకా వీధి చివరికి వినిపించి ఉంటుంది.

పెట్టెను విప్పి చూస్తే పళ్లేవీ విరగలేదు. నేను పోసిన నూనె మాత్రం దుమ్ముతో కలిసి బురదయి కూర్చున్నది. గుడ్డకు కిరసనాయిలు అద్ది, నిప్పుకు దూరంగా కూర్చొని, లోహపు భాగాలు తుడిచాం. కటకాల దగ్గరికి ఆ గుడ్డను రానివ్వలేదు. ఆరాక పళ్లకు కొత్త గ్రీజు పలచగా పూశాం. రొట్టెకు వెన్న రాసినట్టు గాక, అద్దానికి ఆవిరి పట్టినట్టు ఉండాలి.

తరవాత అసలు పరీక్ష. ఇరుసుమీద సుద్దముక్కతో ఒక గీత గీసి, కడ్డీని తిప్పుతూ ఆ గీత గుండ్రంగా తిరిగి మొదటి చోటికి వచ్చేదాకా చుట్లు లెక్కపెట్టమన్నాను. అన్న తిప్పాడు, చెల్లెలు లెక్కపెట్టింది. అరవయ్యో చుట్టు దగ్గర కొంచెం బిగువు తగిలింది. అక్కడే ఆగి, ఆ బిగువు పోయేటంత సందు ఉంచి, బోల్టులు మార్చి మార్చి బిగించాం. ఎప్పుడూ బాగా బిగువుగా ఉన్నచోటనే సరిచూసుకోవాలి. వదులుగా ఉన్నచోట సరిచేస్తే తరవాత మళ్లీ పట్టేస్తుంది. గీత మళ్లీ మొదటికి వచ్చేసరికి 144 చుట్లయినాయి.

“చక్రానికి 144 పళ్లన్నమాట. మరి పిడి ఒక చుట్టు తిరిగితే ఎన్ని నిమిషాల ఆకాశం?” అని అడిగాను. పలక లేదు, కాగితం లేదు. రోజుకు 1440 నిమిషాలు. 144 చేత భాగిస్తే పది. చెల్లెలే ముందు చెప్పింది. నక్షత్రాల రోజు మన రోజుకన్న సుమారు నాలుగు నిమిషాలు తక్కువ గనక పదికి రవంత తక్కువ. మీరూ వేసి చూడండి.

ఆ సాయంత్రం వాడు వాళ్ల నాన్న ముందు నిలబడి జరిగినదంతా చెప్పాడు. నేను పక్కనే ఉన్నానుగాని ఒక్కమాటా కలపలేదు. ఆయన అంతా విని, “సరే, బాగయిందా?” అన్నాడు. “అయింది” అన్నాడు వాడు. “అయితే రేపు నాకూ చూపించు” అన్నాడాయన. ఆ రాత్రి వాడు కడుపునిండా అన్నం తిన్నాడని వాళ్లమ్మ చెప్పింది.

సోమవారం పొద్దుగూకగానే అందరం డాబా ఎక్కాం. నైరుతి దిక్కున, కొబ్బరిచెట్ల పైన, రెండు గ్రహాలూ ఒక్క చుక్కవలె మెరుస్తున్నాయి. అవి అస్తమించడానికి సూర్యాస్తమయంనుంచి రెండు గంటల పైచిలుకు మాత్రమే వ్యవధి. వాడు గొట్టాన్ని అటు తిప్పి, బిగింపు మరను బిగించి, పిడి పట్టుకున్నాడు. నేను కన్ను పెట్టి చూశాను. ఒకే వలయంలో ఒక పక్క గురుడు, అతని దగ్గర చుక్కలవలె ఉపగ్రహాలు. మరో పక్క బుల్లి శని, తన వలయంతో సహా! క్షితిజానికి దగ్గరగా ఉండడంవల్ల నీళ్లలోనుంచి చూసినట్టు కాస్త అల్లాడుతున్నాయి. దగ్గర దగ్గరగా కనిపించినా, శని మనకు గురుడికంటె దాదాపు రెండింతల దూరంలో ఉన్నాడు.

వీధివాళ్లంతా మాస్కులు కట్టుకొని, ఎడంగా నిలబడి, ఒక్కొక్కరే వచ్చి చూశారు. వంతు మారేటప్పుడల్లా వాడు పిడిని కొద్దికొద్దిగా తిప్పుతూ గ్రహాలను మధ్యలోనే ఉంచాడు. పది నిమిషాలకు ఒక చుట్టు. ఎనభై ఏళ్ల ముసలమ్మ ఒకామె చూసి, “శనేశ్వరుడి చుట్టూ నిజంగానే చక్రం ఉందర్రా!” అన్నది. గ్రహాలు కొబ్బరాకుల వెనక్కు దిగేదాకా ఎవరూ కిందికి దిగలేదు.

మీ దుర్భిణికి కూడా ఎప్పుడో ఒకప్పుడు ఈ తంటా రావచ్చు. అందుకని ఆనాటి కాగితం సారాంశం ఇక్కడ చెబుతున్నాను. పిడి తిరగకపోతే బలం పెట్టవద్దు. ముందు, గొట్టంగాని కడ్డీగాని దేనికైనా తగిలిందేమో చూడండి. బిగింపు వదిలి, బరువు సమంగా ఉన్నదో, ఇరుసు తేలికగా తిరుగుతున్నదో చూడండి. పిడి తీగను ఊడదీసి, కడ్డీ ఒక్కటే తిరుగుతుందేమో చూడండి. మర కొసకు వచ్చి ఉంటే వెనక్కు తిప్పండి. ఇవన్నీ అయిన తరవాతే వార్మ్ పెట్టె జోలికి, పెద్దవాళ్ల సాయంతో వెళ్లండి. పావు చుట్టుకన్న ఎక్కువ ఒక్కసారిగా తిప్పకండి. పిడి తిరిగినా గొట్టం కదలకపోతే, బిగింపు మరా, తీగ మరా వదులయ్యాయేమో చూడండి.

పగటిపూట ఈ పరీక్షలు చేసేటప్పుడు గొట్టానికి మూత పెట్టి, ఇంట్లోనో నీడలోనో చేయండి. దుర్భిణిలోనుంచి సూర్యుణ్ణి ఒక్క క్షణం చూసినా కన్ను పోతుంది.

ఇంకొక్క మాట, ఇది తల్లిదండ్రులకు. పిల్లవాడు వస్తువు పాడుచేసి వచ్చి చెప్పినప్పుడు, “ఎందుకు చేశావు?” అనేముందు “ఏం చేశావు?” అని అడగండి. మరమ్మతుకు మొదట కావలసిన పనిముట్టు ఆ జవాబే.